లేని మొక్కకు పెట్టిన పేరు

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. ఆ సోమలింగం తండ్రి నాకంటే తెలివైనవాడు. ఆయన కనీసం మనుషుల ఇళ్ళల్లో పుట్టడానికి వీలున్న బిడ్డకు పేరు పెట్టాడు. నేనైతే భూమి మీద ఉందో లేదో తెలియని మొక్కకు, జనగామలో ఒక పటేలు వాకిట్లో నిలబడి, ఆయన తల్లి పేరు పెట్టేశాను. పెట్టి ఊరుకున్నానా అంటే అదీ లేదు, అడవిలో వెతికి తెస్తానని మాట కూడా ఇచ్చి వచ్చాను. వృక్షశాస్త్రం చదివినవాడు చేయగల బుద్ధితక్కువ పనుల్లో ఇది తల్లివేరు లాంటిది. మిగతావన్నీ దాని పిలకలే.

కిందటి ఎండాకాలం ఆ పటేలు కొడుకు భూపాలపల్లిలో మా ఇల్లు వెతుక్కుంటూ రాకపోయి ఉంటే ఇదంతా రాసేవాణ్ణి కాదు. నేను ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, బొగ్గు లారీల దుమ్ము తక్కువున్న పూట చూసి గుడ్డలు ఆరేసుకుంటూ కాలం గడుపుతున్నవాణ్ణి. తెల్లచొక్కా వేసుకున్న నడివయసు మనిషి కారు దిగి, గడపలోనే చేతులు జోడించాడు. "సార్, మా బాపు పోయిండు. పోయేముందు మిమ్మల్నే యాద్జేసిండు. మా బాపు పెడితెనే కద మీరు డాక్టరైంది" అన్నాడు. కూర్చోమన్నాను, చాయ్ పెట్టించాను. అతను తాగుతున్నంతసేపూ నేనేం మాట్లాడానో నాకు తెలియదు. పచ్చి అడవిగడ్డను కోసినప్పుడు వచ్చే జిగట వాసన మాత్రం ఎక్కడినుంచో వచ్చి ముక్కులో కూర్చుంది. గొంతు దురద పెట్టింది. నాకు అది నలభై ఏళ్ళ కిందటి దురద.

మాది గూడూరు. ఊరు దాటితే చెలకలు, చెలకలు దాటితే అడవి. నాయినకు అడవి అంచున ఇంత చెలక ఉండేది, అది పండని ఏడు కూలికి పోయేవాడు. పండిన ఏడు కూడా కూలికే పోయేవాడనుకోండి, అది వేరే సంగతి. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ చర్చికి పోయే మనిషి. పొయ్యి మీద ఎసరు పెట్టి, చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరి, కడిగే ముందు కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, ఒక పిడికెడు తీసి తలుపు వెనకాల ఉన్న చిన్న కుండలో వేసేది. మా పల్లెల్లో చర్చికి పోయే ఆడవాళ్ళంతా చేసే పనే అది. ఆదివారం ఎవరి కుండ వాళ్ళు తీసుకుపోయి అక్కడి గోనెసంచిలో కుమ్మరించేవాళ్ళు. ఆ బియ్యమే పాస్టరు ఇంటి తిండి. ఇంట్లో గింజలు అడుగంటిన రోజుల్లో కూడా అవ్వ పిడికిలి చిన్నదయ్యేది కాదు. నేను పొయ్యి పక్కన కూర్చుని ఆ పిడికిలినే చూసేవాణ్ణి. ఎప్పుడైనా వేళ్ళ సందుల్లోంచి నాలుగు గింజలు చాటలోకి తిరిగి జారితే నాకు పండగ. నాయిన చర్చి మెట్టు ఎక్కనివాడు. "దేవుడు తింటడా ఏందే? మన పొల్లగాని కడుపుల ఏస్తే వద్దంటడా?" అని దెప్పేవాడు. అవ్వ తలెత్తకుండానే జవాబు చెప్పేది. "అడిగినంక పెట్టేది పెట్టుడెట్లయితది?"

వానకాలం నడుమ, పాతగింజ అయిపోయి కొత్తగింజ చేతికి రాని రోజుల్లో, కొత్తగూడ వైపు గూడేల నుంచి కోయవాళ్ళు అడవిగడ్డలు తెచ్చి, ఉప్పుకూ మిరపకాయలకూ ఇచ్చి పోయేవారు. ఉడికిన గడ్డ తొక్క తీస్తే తడిమట్టి, పొగ కలిసిన ఆవిరి ముఖానికి కొట్టేది. నా చిన్నతనం మొత్తానికి ఒక వాసన చెప్పమంటే అదే చెబుతాను. వాటిలో పులిదుంప అని ఒకటుంది, అది పచ్చిది విషం. పలచగా కోసి, బుట్టలో కట్టి, పారే వాగులో రోజుల తరబడి నానబెడితే గాని మనిషి తినడానికి పనికిరాదు. ఆకలి తీర్చే గడ్డలు ఇన్ని అడవిలో ఉండగా అడవి అంచున మేం ఎందుకు పస్తులుంటున్నాం, వీటిని చెలకల్లో పంటగా పండించరాదా అని నాకు పురుగు తొలిచేది. పెద్దయ్యాక ఆ పురుగే పరిశోధన అయింది. విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది, మంచి గైడు సారు దొరికారు, గడ్డలు పాతుకోవడానికి హాస్టల్ వెనకాల ఇంత జాగా దొరికింది. తిండిగడ్డల మీద పరిశోధన చేసేవాడికి దొరకనిది తిండి ఒక్కటే.

ఆ రోజుల్లో మా శాఖకు దాత అంటూ ఉన్నది జనగామ పటేలు ఒక్కడే. ఊళ్ళ మీద భూములు, పట్నంలో రైసుమిల్లు ఉన్న ఇల్లు. తల్లి పోయిన ఏడు, ఆమె పేరు మీద ఒక పరిశోధక విద్యార్థిని పోషిస్తానని కబురు పెట్టాడు. గైడు సారు నన్ను పంపించారు. వాకిట్లో సున్నం, ధనియాలు, పాత వడ్లు కలిసిన వాసన. గోడ మీద ఆయన తండ్రి, తాత పెద్ద పెద్ద ఫోటోల్లో ఉన్నారు. తల్లి సత్తెమ్మ లేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆమెకు ఒక ఫోటో తీయించాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదట. పోయాక చూసుకుంటే ఆమె గుర్తుగా మిగిలింది ఒక ఇత్తడి తమలపాకుల డబ్బా. దానికే బొట్టు పెట్టి, దండ వేసి, పీట మీద కూర్చోబెట్టారు. పటేలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ డబ్బా వైపు చూసి ఆగిపోయేవాడు. ఆయన్ని తర్వాత మనసులో చాలా మాటలన్నాను గాని, ఆ ఆగిపోవడం మాత్రం నటన కాదు.

"ఏం జదువుతున్నవ్?" అని అడిగాడు.

"గడ్డలు పటేలా. అడవిగడ్డలు."

"నువ్వు గడ్డలు జదివితే మా అమ్మ పేరెట్ల నిలబడ్తది?"

నేను నోరు మూసుకోవలసిన చోటు ఇదే. కానీ పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఆకలిగా ఉన్నవాడి నోరు తెరుచుకునే ఉంటుంది. అడవిలో ఇప్పటిదాకా ఎవరి కంటా పడని మొక్కలు ఎన్నో ఉన్నాయనీ, కొత్తది దొరికితే పేరు పెట్టే హక్కు కనుక్కున్నవాడిదేననీ, లాటిన్ పద్ధతిలో సత్తెమ్మ పేరుకు ఒక తోక తగిలించి "సత్తెమ్మే" అని పెడితే ప్రపంచంలో ఏ దేశంలోనైనా ఆ మొక్కను అదే పేరుతో పిలుస్తారనీ చెప్పేశాను. పటేలు ఆ మాటను తమలపాకులా కాసేపు నమిలి చూసుకున్నాడు. "సత్తెమ్మే," అన్నాడు. "అంటే మా అమ్మనే అన్నట్టు." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు భోజనం పెట్టించాడు. అప్పటి నా లెక్క ప్రకారం మా ఇద్దరి కోరికలూ తీరిపోయాయి.

యూనివర్సిటీకి చెక్కు పంపితే ఎవరికిచ్చినట్టో తెలియదు, చేతిలో పెడితేనే దానం అని పటేలు పట్టుబట్టాడు. అందుకు ఆయన ఎంచుకున్న రోజు పెత్రమాస. బతుకమ్మ పండుగ మొదలయ్యే ఆ అమావాస్య నాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు, గుమ్మడికాయ ఇవ్వడం మా వైపు ఆచారం. పటేలు వాకిట్లో పీటలు వేసి, ముందు అయ్యగారిని, తర్వాత జంగమయ్యను, ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టేవాడు. అందరి ముందూ ఒకటే రకం చాట, ఒకటే రకం గుమ్మడికాయ. నా చాటలో మాత్రం చిక్కుడుకాయల మీద ఏడాది ఖర్చుల కవరు ఉండేది. మొదటి ఏడు అయ్యగారు నా చేతిలో నీళ్ళు పోయించబోతూ, నాది ఏ గోత్రమని అడిగారు. నేను కంగారులో గోత్రానికి బదులు శాస్త్రం చెప్పాను, వృక్షశాస్త్రమని. మీరు చర్చి మనుషులు కదా అని ఎవరో అననే అన్నారు. పటేలు వాళ్ళ మాట కొట్టేశాడు. క్లాసులో ఫస్టు వచ్చాడా లేదా, అది చాలన్నాడు. ఆయన గొప్పతనం అక్కడ ఉంది, నేను కాదనను. ఆ తర్వాత మాత్రం, బతుకమ్మకు పూలేరుకొచ్చే ఆడవాళ్ళూ, మిల్లు గుమాస్తాలూ, చుట్టాలూ చూస్తుండగా, నేను లేచి నిలబడి ఆ ఏడు ఏం కనుక్కున్నానో చెప్పాలి. చెబుతున్నంతసేపూ పటేలు ఒకే ఒక్క మాట కోసం చెవి పెట్టి ఉండేవాడు.

గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని బస్సులో గూడూరు చేరేసరికి సగం ఊరికి తెలిసిపోయేది, డాక్టరు చదువుకు గుమ్మడికాయ బహుమతి ఇస్తారని. చచ్చినవాళ్ళ పేరు మీద ఇచ్చింది మనం వండుకోవచ్చా అని పక్కింటి ఆమె అనుమానం వెలిబుచ్చింది. అవ్వ కత్తిపీట ముందేసుకుంటూ, "గుమ్మడికాయకు మతమేందే" అని రెండు చెక్కలు చేసి, ఒక చెక్క ఆమెకే ఇచ్చింది.

రెండో ఏడూ కొత్త మొక్క దొరకలేదు. పటేలు ముఖం చిన్నబోయింది. ఆయన అన్న కొడుకు దేవరుప్పులలో ఉండేవాడు, రాజకీయాల్లో తిరిగే మనిషి. అతను ఆ వాకిట్లోనే అన్నాడు, అడవిలో ఎక్కడో ఉండే మొక్కకు పేరు పెడితే కోతులు చదువుతాయా, రోడ్డు మీద బస్సుషెల్టరు కట్టించి పేరు రాయిస్తే రోజూ జనం చదువుతారు కదా అని. పటేలు ఆలోచనలో పడ్డాడు. చివరికి నాకు ఇంకో ఏడు గడువిచ్చాడు. వచ్చే పెత్రమాసకు సత్తెమ్మే రావాలి, లేకపోతే బస్సుషెల్టరు.

ఆ ఏడు వానకాలమంతా నేను కొత్తగూడ అడవిలోనే ఉన్నాను. చేయాల్సిన పరిశోధన హాస్టల్ వెనకాల జాగాలో తీగలు పాకుతుంటే, దాన్ని వదిలేసి, లేని మొక్క కోసం వాగుల వెంబడి తిరిగాను. జలగలు పట్టాయి, చలిజ్వరం వచ్చింది. నన్ను గుడిసెలో పడుకోబెట్టిన కోయ ఇంటివాళ్ళు, ఏం పోగొట్టుకున్నావని అడిగారు. పోగొట్టుకోలేదు, పేరు పెట్టుకున్నానని చెబితే జ్వరం తలకెక్కిందనుకున్నారు. పట్టుకొచ్చిన ప్రతి ఆకునూ గైడు సారు ముందు పరిచి, దీని ఈనె తేడాగా ఉంది సార్, దీని మచ్చ తేడాగా ఉంది సార్ అని బతిమాలేవాణ్ణి. ఆయన భూతద్దం కింద పెట్టి మెల్లగా అన్నారు, "తేడా మొక్కల లేదయ్యా. నీ ఆకలిల ఉన్నది." అబద్ధం చెప్పడానికి నా చదువు ఒప్పుకోలేదు, నిజం చెప్పడానికి నా కడుపు ఒప్పుకోలేదు. పెత్రమాస పొద్దున జనగామ బస్సులో కూర్చున్నప్పుడు, బస్సు చెడిపోతే బాగుండునని మొక్కుకున్నాను. నా మొక్కు కూడా నా మొక్క లాంటిదే, ఫలించలేదు.

"దొరికిందా?" అన్నాడు పటేలు, నేను పీట మీద కూర్చోకముందే.

"లేదు పటేలా."

"ఒక్కటన్న?"

"ఉన్నయన్ని ముందే ఎవరో చూసినయే."

"అయితే అండ్లకెల్లి ఒకదానికి పెట్టు."

"వాటికి పేర్లున్నయి పటేలా. ఒకసారి పెట్టినంక మార్చరాదు."

ఆయన చాలాసేపు ఇత్తడి డబ్బా వైపు చూశాడు. "మా అమ్మ ఎట్లుంటదంటే నా మనుమలకు సూపెట్టనీకి ఏం లేదయ్యా," అన్నాడు. "ఒక్క ఆకన్న తెస్తవనుకున్న." గట్టిగా అరిచి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదు. ఆరోజు నా చాటలో బియ్యం పెట్టాడు, పప్పు పెట్టాడు, గుమ్మడికాయ పెట్టాడు. పెత్రమాస నాడు వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపరాదు కదా. చిక్కుడుకాయల మీద కవరు లేదు.

నాకు కావలసింది ఎక్కువేం కాదు. తీగలు ఎండేదాకా బతకాలి. గడ్డ తవ్వి చూడాలంటే చలికాలం నడుమ తీగ ఎండాలి. మూడేళ్ళ పని మొత్తం ఆ ఒక్క తవ్వకంలో ఉంది. అప్పటిదాకా కాపలా లేకపోతే పందికొక్కులు తింటాయి. గైడు సారు రిటైరవబోతున్నారు, ఆ తర్వాత ఆ జాగాలో ఏదో కట్టడానికి సున్నం గీతలు అప్పటికే గీసి ఉన్నాయి. ఇంటికి చెప్పలేదు. చెబితే నాయిన వచ్చి తీసుకుపోతాడు. మెస్సువాళ్ళు కొన్నాళ్ళు చూసీచూడనట్టు ఊరుకుని, తర్వాత చూశారు. స్నేహితుల గదుల్లో అన్నం వేళకు అనుకోకుండా పోవడం మొదలుపెట్టాను. ఎవరైనా ఎన్నిసార్లు అనుకోకుండా పోగలరు? ఆ తర్వాత నా పరిశోధనను నేనే తినడం మొదలుపెట్టాను. అంచు వరసల్లో పాతిన గడ్డలు తూకానికి పనికిరావు, అవి ముందు తిన్నాను. చేదువి, పీచువి, వేలంత ఊరినవి, అన్నీ అయిపోయాయి. ఆ వరసల్లో మిగిలింది పులిదుంప. దాన్ని ఎట్ల తినాలో నేనే రాసిపెట్టుకున్నాను. పారే వాగులో రోజుల తరబడి అని. కానీ హాస్టల్‌లో పారేది కుళాయి ఒక్కటే, అదీ పొద్దున కాసేపు. వాగుకు బదులు బకెట్టు, రోజులకు బదులు పూట. ఆకలి ఉన్నవాడికి ఏదైనా కుదిరినట్టే కనిపిస్తుంది.

ముందు నాలుక పోయింది, తర్వాత పెదాలు పోయాయి. గొంతులో ఎవరో జిల్లేడుపాలు పోసినట్టయింది. గది గోడలు తీగల్లాగా మెలికలు తిరిగాయి. పక్కగదివాళ్ళు నన్ను రిక్షాలో వేసి దవాఖానకు తీసుకుపోయారట. ఏం తిన్నావని డాక్టరు అడిగితే, మొద్దుబారిన నాలుకతో ప్రయోగమని చెప్పాను. ఎవరి మీద అని అడిగాడాయన.

అవ్వ పొద్దున బస్సుకు వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు, కొంగున కట్టుకున్న బస్సు టికెట్టు చెమటకు తడిసి ముద్దయింది. మంచం పక్కన నేల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఏం తిన్నవ్ కొడుకా?"

"గడ్డ."

"గడ్డ విషమని నీకెర్క కాదా?"

"ఎర్కనే."

"మరెందుకు తిన్నవ్?"

"ఆకలైంది అవ్వా."

అవ్వ నా చెయ్యి వదిలి కొంగు ముఖం మీదికి లాక్కుంది. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. నాకు ఏడేళ్ళప్పుడు ఆకలైందని చెప్పడం మానేశాను, చెప్పినా లాభం లేదని తెలిసి. మళ్ళీ అప్పుడు చెప్పాను, యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతూ. మధ్యాహ్నానికి నాయిన వచ్చాడు. ఆయన కోపంగా ఉన్నప్పుడు నింపాదిగా మాట్లాడేవాడు. "నువ్వు గడ్డను తింటున్నవ్, చదువు నిన్ను తింటున్నది. ఇగ చాలు, ఇంటికి నడువ్" అన్నాడు. తీగలు ఎండలేదు నాయినా అన్నాను. ఆయన నా వైపు, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు. ఆ పూట నేను ఓడిపోయాననే అనుకున్నాను. ఇంటికి పోయాక చేయబోయే కూలి పని కూడా మనసులో ఎంచుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో జరిగింది నేను చూడలేదు, తర్వాత విన్నాను. దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడానికి ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పే వేళ, ఎప్పుడూ లేవని మా అవ్వ లేచి నిలబడిందట. చెప్పుకోవడానికి మేలేమీ లేదని, నా కొడుకు ఆకలికి విషం తిన్నాడని చెప్పి కూర్చుందట. అడిగినంక పెట్టేది పెట్టుడు కాదన్న మనిషి అడిగింది. అప్పుడు మరియమ్మ పెద్దమ్మ, చర్చిలో అందరికంటే పెద్దామె, సంచిలోని పిడికెడు బియ్యం తీగలు ఎండేదాకా పిలగానికి పంపుదామని అందట. అది పాస్టరు ఇంటి బువ్వ. ఆయన భార్య చంటిబిడ్డతో ముందు వరసలో కూర్చుని ఉంది. పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడో, ఆలోచిస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. కళ్ళు తెరిచి, సరేనన్నాడట. దాంతో నాయిన కూడా నన్ను ఇంటికి రమ్మనడం మానుకున్నాడు. ఆ బియ్యం సంచి భుజాన పెట్టుకుని హాస్టల్‌కు మోసుకొచ్చింది కూడా ఆయనే. సన్నటి మనిషి, సంచి ఏది, మనిషి ఏది అన్నట్టుండేవాడు. నా గదిలో నీళ్ళు తాగి, తీగలు చూసి, ఇంకా పచ్చగానే ఉన్నాయే అని ఒకసారి పైకే అనేశాడు. అని, తప్పు మాట్లాడినవాడిలా నవ్వాడు. నాకు ఆ నవ్వు కంటే పులిదుంపే నయమనిపించింది.

ఇంటింటి పిడికిలి కలిసిన బియ్యం ఎప్పుడైనా వండారా? అందులో ఒకరివి కొత్త బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి రేషనువి, ఒకరింట్లో దంచినవి, ఒకరివి నూకలు. ఒకే గిన్నెలో సగం మెతుకులు గంజయిపోతే, సగం పళ్ళ కింద పలుకులయ్యేవి. ఎసరు నుంచి పొగ వాసన, కిరోసిన్ వాసన, వేపాకు వాసన ఒక్కొక్కటే లేచేవి. మెతుకు నములుతుంటే అది ఎవరింటిదో తెలిసేది. ఆ ఏడు అడవిలో పడ్డ వాన మా చెలకల మీద పడలేదు. ఏ ఇంట్లో పిల్లలు నా చిన్నతనంలా పిడికిలి వంక చూస్తూ కూర్చున్నారో కూడా తెలిసేది. అన్నం తింటూ ఏడ్చేవాణ్ణని రాస్తే అందంగా ఉంటుంది గాని, ఏడవలేదు. గబగబా తినేవాణ్ణి. తినేసి తీగల దగ్గరికి పోయి ఎండమని తిట్టేవాణ్ణి. ఎవరూ ఏమీ అడగలేదు. మరియమ్మ పెద్దమ్మ ఒక్కతే, పండక్కి పోయినప్పుడు, ఆ గడ్డ తిని మనిషి బతుకుతాడా అని అడిగింది. కడిగితే బతుకుతాడన్నాను. జర మంచిగ కడుగు మరి, అంది.

తీగలు ఎండాయి. తవ్వాను, తూచాను, రాశాను. నా పేరు ముందు డాక్టరు వచ్చింది, భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చింది. అంతా మంచిగానే ముగిసిందని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. కానీ మొదటి జీతం చేతికొచ్చి గూడూరు పోయేసరికి పాస్టరు లేడు. ఆ కరువు ఏడు నిలదొక్కుకోలేక భార్యాబిడ్డలతో ఎటో వలస పోయాడు. చర్చివాళ్ళను అడిగాను, తెలిసిన ఊళ్ళన్నీ తిరిగాను. ఏ ఊళ్ళోనూ ఆయన జాడ చెప్పినవాళ్ళు లేరు. అడవిలో లేని మొక్కను వెతికిన అనుభవం నాకు అక్కడ ఏమీ పనికిరాలేదు. నా పరిశోధన పుస్తకం లైబ్రరీలో ఉంది, గడ్డలు అడవిలో ఉన్నాయి, రెండింటినీ కదిలించినవాళ్ళు తక్కువ. మా చెలకల్లో పత్తి పెడుతున్నారు. జనగామలో సత్తెమ్మ బస్సుషెల్టరు మాత్రం లేచింది. ఆ దారిన పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. పుట్టినరోజు ఫ్లెక్సీల కింద ఆమె పేరు ఒక్కసారి కూడా పూర్తిగా కనిపించలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అదీ పోయింది. పాపం, ఆ తల్లి రెండోసారి పోయింది.

ఈ మధ్య యూనివర్సిటీకి పోతే, పరిశోధక విద్యార్థులు ఇప్పటికీ చెట్ల కింద కూర్చుని, రావలసిన ఫెలోషిప్పు ఎప్పుడొస్తుందని మాట్లాడుకుంటున్నారు. ఒక పిల్లవాడు పగలు ల్యాబులో పనిచేసి, సాయంత్రం బండి మీద ఊరందరికీ భోజనం పొట్లాలు అందిస్తాడట. తను తిన్నాడా అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నేనెరిగినదే. ఇప్పటి దానాలకు ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడనంత పెద్ద చెక్కు చేయించి, దాని వెనకాల పిల్లవాణ్ణి నిలబెట్టి ఫోటో తీస్తున్నారు. మా కాలంలో గుమ్మడికాయ అయినా వండుకోవడానికి పనికొచ్చేది.

చాయ్ తాగాక పటేలు కొడుకు అసలు సంగతి చెప్పాడు. నాయనమ్మ పేరు మీద మళ్ళీ ఒక విద్యార్థిని చదివించాలని బాపు కోరిక. యూనివర్సిటీవాళ్ళు, ఎంపిక చేసే కమిటీలో బయటి మనిషి ఒకరుండాలన్నారు. మీరైతే మా ఇంటి మనిషేనాయె, అన్నాడు. మీ బాపు పెట్టిన మాట నిజమే గాని, ఆఖరుకు పెట్టినవాళ్ళు వేరేనని చెప్పాను. ఎవరు సార్ అని అడిగాడు. నీకు ఎరుకలేనివాళ్ళు బాబూ అన్నాను. కమిటీలో ఉంటాను గాని ఒక షరతు అన్నాను. ఇచ్చేది ఎవరో చదివేవాళ్ళకు తెలియకూడదు, చదివేది ఎవరో ఇచ్చే ఇంటికి తెలియకూడదు, ఈ రెండూ కాగితం మీద రాయాలి. అతను ఆ షరతును అటూ ఇటూ తిప్పి చూశాడు. మరి జనానికి ఎట్ల తెలుస్తదని అడిగాడు. తెలియదన్నాను. మంచివాడే, బాపు మాట కోసం సంతకం పెట్టాడు.

పిల్ల దొరికింది. ఎవరో, ఏ ఊరో, ఏం చదువుతుందో ఇక్కడ కూడా రాయను. ఆ ఇంటివాళ్ళు ఇది చదివే ప్రమాదముంది, అందుకే పిల్ల అన్నంత మాత్రాన ఆడపిల్లేనని కూడా నమ్మకండి. పటేలు కొడుకు మాత్రం ఉండబట్టలేక ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. మొన్న ఆ పిల్ల ఏవో సందేహాలు అడగడానికి మా ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నప్పుడు కూడా ఫోను మోగింది.

"సార్, ఊరు జెప్పకుండ్రి, పేరు జెప్పకుండ్రి. ఆడపిల్లనా, మగపిలగాడా, గదొక్కటన్న జెప్పుండ్రి. మీటింగు పెట్టుకున్నం, అందరు అడుగుతున్నరు."

"చదువుతున్నరు బాబూ," అన్నాను.

"ఏం జదువుతున్నరు సార్?"

"మంచిగ జదువుతున్నరు."

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. నా జన్మలో విన్న నిట్టూర్పుల్లో నాకు ఇంత కమ్మగా వినిపించింది ఇంకోటి లేదు. ఫోను పెట్టేశాను.

ఆ పిల్ల ముద్ద ఆపి, ఎవరు సార్ అంది.

"రాంగ్ నంబరమ్మా. నువ్వు తిను" అన్నాను.